సైయాన్ సిరీస్ 5: మురిపించేదీ అదే, మొరాయించేదీ అదే

సైయాన్ సిరీస్ 5 అనే జేబు కంప్యూటర్ మూత ఎత్తితే రెండు కదలికలు ఒకేసారి జరుగుతాయి. తెర పైకి లేస్తుంది, కీబోర్డు మనవైపు జారి వస్తుంది. పూర్తిగా తెరుచుకున్నాక తెర వెనక్కి వాలి, బ్యాటరీల గూటి మీద ఆనుకుని నిలుస్తుంది. అందుకే స్టైలస్‌తో తెరను ఎంత నొక్కినా యంత్రం వెల్లకిలా పడదు. పొడవు 170 మిల్లీమీటర్లు, వెడల్పు 90, మందం 23. బ్యాటరీలతో కలిపి బరువు దాదాపు 350 గ్రాములు. లండన్ కంపెనీ సైయాన్ దీన్ని 1997లో విడుదల చేసింది. 2001 జూలైలో ఇలాంటి చేతికంప్యూటర్ల తయారీ నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఆ తర్వాత రెండు దశాబ్దాలు దాటిపోయాయి. అయినా వెతికి కొనేవాళ్లు, విప్పి బాగుచేసేవాళ్లు, రోజూ దాని మీదే రాసుకునేవాళ్లు ఇంకా ఉన్నారు.

దీన్ని పాత వస్తువు మీద మమకారం అని తేల్చేస్తే అసలు సంగతి జారిపోతుంది. ఈ యంత్రంలో మనసుకు నచ్చే ఒక్కో గుణం వెనక ఒక్కో ఇంజినీరింగ్ నిర్ణయం ఉంది. ఇవాళ ఇది పాడవడానికి, పాడైతే బాగుచెయ్యడం కష్టమవడానికి కారణం కూడా ఆ నిర్ణయాలే. అభిమానం, మరమ్మతు అనేవి ఇక్కడ రెండు వేర్వేరు విషయాలు కావు.

ముందు వంశవృక్షం క్లుప్తంగా. డేవిడ్ పాటర్ 1980లో సైయాన్‌ను స్థాపించాడు. మొదట్లో సింక్లెయిర్ కంప్యూటర్లకు ప్రోగ్రాములు రాసిన కంపెనీ, 1984లో ఆర్గనైజర్ అనే జేబు కంప్యూటర్ తెచ్చింది. 1991లో మడతపెట్టే సిరీస్ 3 వచ్చింది. 1997 నాటి సిరీస్ 5లో సుమారు 18 మెగాహెర్ట్జ్ ఆర్మ్ ప్రాసెసర్ ఉంటే, 1999 నాటి 5ఎంఎక్స్‌లో ఆ వేగం రెట్టింపై 36 మెగాహెర్ట్జ్ అయింది, మెమరీ 16 మెగాబైట్లకు చేరింది. ఈ రోజు కొనదలిస్తే 5ఎంఎక్స్ కోసమే చూడాలి. తెర రెంటిలోనూ 640 చుక్కల అడ్డం, 240 చుక్కల నిలువు, 16 బూడిద ఛాయలు. లోపలి ఆపరేటింగ్ సిస్టం ఎపోక్. నోకియా, ఎరిక్సన్, మోటరోలాలతో కలిసి 1998లో పెట్టిన సింబియన్ కంపెనీకి పునాది అదే. నోకియా స్మార్ట్‌ఫోన్లు కోట్ల చేతుల్లోకి వెళ్లిన రోజుల్లో వాటిలో నడిచింది ఈ ఎపోక్ సంతానమే.

అన్నిటికన్నా ముందు కీబోర్డు. మొత్తం 53 మీటలు. ఒక్కోటి విడిగా కిందికి దిగి పైకి లేస్తుంది, నొక్కినట్టు వేలికి తెలుస్తుంది. దీన్ని రూపొందించిన మార్టిన్ రిడిఫర్డ్ ముందు పెద్ద చిక్కే ఉంది. జేబులో పట్టే డబ్బాలో నిజంగా టైపు చేసుకోదగ్గ మీటలు ఎలా పెట్టాలి? కీబోర్డు కదలకుండా ఉంటే డబ్బా వెనక భాగమంతా బ్యాటరీలకే పోతుంది, మీటలకు చోటు మిగలదు. మూసినప్పుడు లోపలికి సర్దుకుని, తెరిచినప్పుడు ముందుకు వచ్చే జారుడు ఏర్పాటు ఆ చిక్కుకు సమాధానం. బల్ల మీద పెడితే పది వేళ్లతో, చేతుల్లో పట్టుకుంటే రెండు బొటనవేళ్లతో, రెండు విధాలా రాయొచ్చు. ఇంత చిన్న యంత్రంలో ఇంతకన్నా మంచి కీబోర్డు ఇంకొకటి రాలేదని గట్టిగా చెప్పొచ్చు.

ఇక ఆ జారుడుకు చెల్లించే మూల్యం. మూత, కీబోర్డు రెండూ కదులుతుంటే కింది సర్క్యూట్ బోర్డు నుంచి తెరకు సంకేతాలు తీసుకెళ్లే కేబులు కూడా ప్రతిసారీ వంగాలి. అది పలుచని ప్లాస్టిక్ పట్టీ, దాని మీద సన్నటి లోహపు గీతలు. తెరిచిన ప్రతిసారీ ఒకే చోట ముడుచుకుని విప్పుకుంటూ, ఏళ్లు గడిచేసరికి గీతలు చిట్లుతాయి. మొదట తెర మీద అడ్డగీతలు కనిపిస్తాయి. తర్వాత ఒక కోణంలో మాత్రమే బొమ్మ సరిగ్గా వస్తుంది, చివరికి తెర ఖాళీ అయిపోతుంది. తయారీ ఆపేసిన తర్వాత చచ్చిపోయిన సిరీస్ 5లలో చాలావాటికి మృత్యువు ఈ పట్టీయే.

తెర ఖాళీగా ఉందంటే యంత్రం పోయినట్టే అనుకుని పారేయకూడదు. ముందు కాంట్రాస్ట్ మార్చి చూడండి. సెల్లు పూర్తిగా అయిపోయి రీసెట్ అయితే కాంట్రాస్ట్ ఎక్కడో ఉండిపోయి తెర పోయినట్టే అనిపించవచ్చు. తర్వాత మీటలు నొక్కితే చప్పుడు వస్తోందా వినండి. వస్తుంటే కేబులుతో పీసీకి కలిపి ఫైళ్లు చదవగలరేమో చూడండి. చదవగలిగితే బోర్డు క్షేమం, పోయింది తెర పట్టీయే. అప్పుడు మీ రాతలన్నీ ముందు బయటికి లాగేసి, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ పట్టుకోండి.

పట్టీకి టంకం వేద్దామని కొందరు దిగుతారు. అది పనికిరాదు. టంకం వేడికి ప్లాస్టిక్ ముడుచుకుపోతుంది. వెండి పూతతో చిట్లిన గీతను కలిపితే కొన్నాళ్లు పనిచేస్తుంది, కానీ ఆ చోటు మళ్లీ వంగేదే కాబట్టి మళ్లీ చిట్లుతుంది. నిలిచే దారులు రెండే. బాగున్న పట్టీతో ఉన్న మరో పాడైన యంత్రం నుంచి మూత భాగాన్ని మొత్తంగా మార్చడం ఒకటి. కొలతలు తీసుకుని వంగే సర్క్యూట్ బోర్డుగా కొత్త పట్టీ చేయించడం రెండోది. రెండో దారిలో అందరూ చేసే తప్పు మందం. కొత్తది గట్టిగా ఉండాలని దళసరి పదార్థం ఎంచుకుంటారు. పట్టీ ఎంత దళసరిగా ఉంటే మడత దగ్గర అంత ఒత్తిడి పడుతుంది, అంత త్వరగా తెగుతుంది. పలుచగా ఉండాలి, మడత పడే చోట గీతలు అడ్డంగా కాకుండా పట్టీ పొడవునా తిన్నగా సాగాలి, ఆ చోట టంకం గానీ మలుపు గానీ ఉండకూడదు.

పట్టీ ఇంకా బాగున్నవాళ్లు చెయ్యాల్సింది చిన్న పనే. రెండు చేతులతో, నెమ్మదిగా, ఆఖరిదాకా తెరవండి. సగంలో ఆపి తెరను వెనక్కి నెట్టకండి. బల్ల దగ్గర పనిచేసేటప్పుడు పది నిమిషాలకోసారి మూసి తెరిచే అలవాటు మానుకుని, తెరిచే ఉంచి ఆఫ్ చెయ్యండి. మడతల సంఖ్య తగ్గిన కొద్దీ ఆయుష్షు పెరుగుతుంది.

రెండో ఆకర్షణ, మీట నొక్కగానే సిద్ధం కావడం. నిన్న రాత్రి ఏ వాక్యం మధ్యలో ఆపారో ఈ పొద్దున అక్కడే కర్సర్ మిణుకుతుంటుంది. దీనికి రెండు కారణాలున్నాయి. ప్రోగ్రాములన్నీ రామ్‌లోకి కాపీ కాకుండా రామ్‌కు వేరుగా ఉండే శాశ్వత మెమరీ నుంచే నేరుగా నడుస్తాయి. అదే జడ్ డ్రైవ్. మీ ఫైళ్లు ఉండే సీ డ్రైవ్ మామూలు రామ్‌లో ఒక ముక్క. డిస్కు తిరిగే పని లేదు, ఎక్కించే పని లేదు. ఎపోక్‌ను రాసినవాళ్ల పొదుపు కూడా ఇందులో కలిసింది. ఈ యంత్రం నెలల తరబడి రీస్టార్ట్ కాదు కాబట్టి, మధ్యలో మెమరీ సరిపోక ఒక పని ఆగిపోతే అప్పటిదాకా తీసుకున్న ప్రతి బైటునూ తిరిగి ఇచ్చేసేలా ప్రోగ్రాములు రాయడం అక్కడ నియమం. ప్రోగ్రాము ఏదైనా సంఘటన కోసం ఎదురుచూస్తుంటే ఊరికే చుట్టూ తిరుగుతూ కూర్చోదు, నిద్రపోతుంది. అన్నీ నిద్రపోతే ప్రాసెసర్ కూడా ఆగుతుంది. వాక్యానికీ వాక్యానికీ మధ్య మీరు ఆలోచించే క్షణాల్లో కరెంటు ఖర్చు దాదాపు లేనట్టే. రెండు పెన్సిల్ సెల్లతో ఇరవై గంటల పైచిలుకు పని చెయ్యడంలోని రహస్యం ఇదే.

మరి మీ ఫైళ్లు రామ్‌లో ఉన్నాయంటే, సెల్లు పోతే ఫైళ్లూ పోతాయి. అలా జరక్కుండా లోపల సీఆర్2032 బిళ్ల సెల్లు ఒకటి కాపలా కాస్తుంది. దాన్నీ పెన్సిల్ సెల్లనూ ఒకేసారి తియ్యడం ఈ యంత్రంతో చెయ్యగల అతిపెద్ద పొరపాటు. యంత్రం ఆఫ్ చేసి, ఒకటి మార్చి, అది పనిచేస్తోందని చూసుకున్నాకే రెండోదాని జోలికి వెళ్లాలి. బిళ్ల సెల్లు ఏడాదికోసారి మార్చడం మంచిది, కోఠి గుజరాతీ గల్లీలో ఏ కొట్లోనైనా దొరుకుతుంది. రాసిన ప్రతి ముఖ్యమైన ఫైలూ కాంపాక్ట్ ఫ్లాష్ కార్డులో, అంటే డీ డ్రైవ్‌లో, ఇంకో ప్రతిగా ఉండాలి. ఇది అలవాటు కాకపోతే ఈ యంత్రం కొనకపోవడమే మేలు.

రీచార్జ్ చేసుకునే నికెల్ సెల్లు వాడొచ్చు, కానీ తేడా తెలియాలి. ఆల్కలైన్ సెల్లు కొత్తగా ఉన్నప్పుడు 1.5 వోల్టులిచ్చి మెల్లగా దిగుతూ వస్తుంది. నికెల్ సెల్లు చాలాసేపు 1.2 దగ్గరే నిలబడి చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. అందుకని బ్యాటరీ సూచిక మొదట్లోనే తక్కువ చూపిస్తుంది, చివర్లో హెచ్చరించే వ్యవధి ఇవ్వదు. పైగా అడాప్టర్ పెట్టినా ఈ యంత్రం సెల్లను చార్జ్ చెయ్యదు. బయట చార్జర్‌లో పెట్టి తియ్యాల్సిందే. రెండు జతలు ఉంచుకుని, సూచికను నమ్మకుండా తేదీ రాసిపెట్టుకుని మార్చడం తేలికైన పద్ధతి.

హైదరాబాద్ వాతావరణానికి ప్రత్యేకంగా రెండు జాగ్రత్తలు చెప్పుకోవాలి. పై డబ్బాకు వేసిన మెత్తని రబ్బరు లాంటి పూత పట్టుకోవడానికి హాయిగా ఉంటుంది. అలాంటి పూతలు తేమతో చర్య జరిగి ఏళ్లకు జిగురుగా మారతాయి. వానాకాలంలో బీరువాలో గుడ్డ చుట్టి పెడితే గుడ్డ దానికి అంటుకుపోతుంది. పట్టుచీరల మధ్య పెట్టినంత ప్రేమగా దాచడం ఇక్కడ పనికిరాదు. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. ఇప్పటికే జిగురైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూది గుడ్డతో కొంచెం కొంచెంగా తుడిచి పూతను మొత్తం తీసెయ్యాలి. అక్షరాలున్న మీటల మీదికి, తెర మీదికి ఆ ద్రవం పోనివ్వకండి. మేలో కారులో వదిలేస్తే ఎల్సీడీ నల్లబడటం, సెల్లు కారడం రెండూ జరగొచ్చు. ఆల్కలైన్ సెల్లు కారితే బయటికొచ్చేది క్షారం కాబట్టి నిమ్మరసం గానీ వెనిగర్ గానీ అద్దిన దూదిపుల్లతో స్ప్రింగు తుడిచి, నురగ ఆగాక ఆల్కహాల్‌తో ఆ తడి తీసెయ్యాలి. వాడని నెలల్లో పెన్సిల్ సెల్లు తీసి ఉంచండి, ఫైళ్లు ముందే కార్డులోకి చేర్చి.

ఇప్పుడు రాతలు బయటికి తీసే సంగతి. ఎక్కువమంది చేతులెత్తేసేది ఇక్కడే. సులువైన దారి కార్డు. కాంపాక్ట్ ఫ్లాష్ చదివే యూఎస్‌బీ రీడర్ సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో అడిగితే దొరకొచ్చు. కార్డును ఫ్యాట్16 అనే పాత ఫైళ్ల అమరికలో ఫార్మాట్ చెయ్యాలి. ఇప్పటి విండోస్ పెద్ద కార్డును అలవాటుగా ఫ్యాట్32 చేస్తుంది, దాన్ని ఈ యంత్రం గుర్తించదు. 128 మెగాబైట్ల లోపు పాత కార్డయితే ఏ గొడవా ఉండదు, రాతపనికి అది బోలెడు. ఎస్‌డీ కార్డు పట్టే అడాప్టర్లు కొనేముందు మందం చూసుకోండి. టైప్ 1 కార్డు మందం 3.3 మిల్లీమీటర్లు, టైప్ 2 అయితే 5. మందమైన అడాప్టర్ ఈ గూట్లో పట్టదు.

కేబులు దారికి ఓపిక కావాలి. యంత్రం వైపు సైయాన్ సొంత 15 పిన్నుల ప్లగ్గు, పీసీ వైపు 9 పిన్నుల సీరియల్ ప్లగ్గు. ఆ కేబులు లేని యంత్రాన్ని చౌకగా వచ్చిందని కొనకండి, విడిగా వెతకడం కష్టం. ఇప్పటి ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ సీరియల్ కన్వర్టర్ తగిలించాలి. నకిలీ చిప్ ఉన్న కన్వర్టర్‌ను కొత్త విండోస్ డ్రైవర్లు నిరాకరిస్తాయి, తప్పంతా సైయాన్‌ది అనుకుని గంటలు పోతాయి. ముందు కన్వర్టర్ ఒక్కదాన్నే పరీక్షించండి. దాని రెండో, మూడో పిన్నులను తీగతో కలిపి, పీసీలో టెర్మినల్ ప్రోగ్రాము తెరిచి అందులో టైపు చేసింది తిరిగి కనిపిస్తే కన్వర్టర్ మంచిదే.

తర్వాత యంత్రం హోం తెర మీద కంట్రోల్, ఎల్ కలిపి నొక్కి, రిమోట్ లింక్‌ను కేబుల్ అనీ, వేగం 115200 అనీ పెట్టాలి. విండోస్‌లో ఫైళ్లు తెచ్చే సైయాన్ సొంత ప్రోగ్రాము సైవిన్ కావాలంటే వర్చువల్ మెషీన్‌లో పాత విండోస్ ఎక్స్‌పీ వేసుకోవడం నయం. లినక్స్ వాడేవారికి పీఎల్‌పీటూల్స్ అనే ప్రోగ్రాముల కట్ట ఉంది. అందులో ఎన్‌సీపీడీ కనెక్షన్‌ను నిలబెడుతుంది, పీఎల్‌పీఎఫ్‌టీపీ ఫైళ్లు తెస్తుంది. అనుమతి లేదన్న పొరపాటు వస్తే మీ యూజర్ పేరు, సీరియల్ పోర్టు వాడనిచ్చే డయల్‌అవుట్ గ్రూపులో లేదన్నమాట. చేర్చి, లాగవుట్ అయి మళ్లీ లోపలికి రండి. రెండు వైపులా వేగం ఒకటేనా అన్నది చివరిగా చూసేది కాదు, మొదట చూడాల్సింది.

ఫైలు వచ్చాక ఇంకో గోడ. సైయాన్ వర్డ్ రాసే ఫైళ్లు మైక్రోసాఫ్ట్ వర్డ్ ఫైళ్లు కావు. యంత్రంలోనే ఫైల్ మెనూ నుంచి టెక్స్ట్‌గా ఎగుమతి చేసుకుంటే సమస్యే లేదు. యంత్రం పోయి ఫైళ్లు మాత్రమే మిగిలినవాళ్లకు సైకన్వ్ అనే ఉచిత ప్రోగ్రాము వాటిని వెబ్ పేజీ రూపంలోకి మారుస్తుంది.

తెలుగువాళ్లకు అసలు ప్రశ్న తెలుగు సంగతి. 5ఎంఎక్స్‌లోని ఎపోక్‌కు అన్ని భాషల లిపులకూ చోటిచ్చే యూనికోడ్ తెలియదు, ఒక అక్షరానికి ఒకే బైటు. ఫాంటు దొరికితే చాలనుకోవడం పొరపాటు. గుణింతాలు, ఒత్తులు పేర్చే యంత్రాంగమే అందులో లేదు. కాబట్టి తెర మీద తెలుగు చదివే ఆశ వదులుకోవాలి. కానీ తెలుగు రాయడానికి చక్కని దారి ఉంది. యూనికోడ్ ఇంటింటికీ రాకముందు యూజ్‌నెట్ అనే పాత ఇంటర్నెట్ చర్చావేదికల్లో తెలుగువాళ్లు వాడిన ఆర్‌టీఎస్ పద్ధతి, ఇంగ్లిష్ కీబోర్డు మీది మామూలు అక్షరాలే వాడుతుంది. చిన్న టీ కొడితే త, పెద్ద టీ కొడితే ట. చిన్న ఎన్ న, పెద్ద ఎన్ ణ. చిన్న ఎల్ ల, పెద్ద ఎల్ ళ. సైయాన్ వర్డ్‌లో అలా రాసి, టెక్స్ట్‌గా ఎగుమతి చేసి, లేఖిని అనే వెబ్ పేజీలో అతికిస్తే నిమిషంలో తెలుగు వస్తుంది. ప్రతి రెండు మూడు అక్షరాలకూ షిఫ్ట్ అవసరమయ్యే ఈ పద్ధతికి ఫోను తెర మీద వేళ్లు నొప్పెడతాయి. సరైన షిఫ్ట్ మీట ఉన్న ఈ కీబోర్డు మీద హాయిగా సాగుతుంది. ఒక్క జాగ్రత్త: స్పెల్ చెకర్ జోలికి వెళ్లకండి, దాని లెక్కన మీరు రాసిన ప్రతి మాటా తప్పే.

ఇంటర్నెట్ గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. ఇప్పటి మెయిల్ సర్వర్లు అడిగే భద్రతా పద్ధతులు దీనికి తెలియవు. దీన్ని టెర్మినల్‌గా, అంటే ఇంకో కంప్యూటరుకు తెరగా, కీబోర్డుగా వాడటం మాత్రం చక్కగా కుదురుతుంది. ‘రాస్ప్‌బెర్రీ పై’ అనే చిన్న కంప్యూటర్ బోర్డులో 8, 10, 6 నంబర్ల పిన్నులు వరసగా పంపేది, అందుకునేది, గ్రౌండు. వాటికి సైయాన్ కేబులును నేరుగా కలిపితే ఆ రాస్ప్‌బెర్రీ బోర్డు కాలిపోతుంది. అది 3.3 వోల్టుల భాష మాట్లాడుతుంది, సీరియల్ పోర్టు అంతకు మించిన ప్లస్, మైనస్ వోల్టేజీలతో మాట్లాడుతుంది. మధ్యలో ఆ వోల్టేజీలను మార్చే మ్యాక్స్3232 చిప్పున్న చిన్న బోర్డు పెట్టాలి. సైయాన్‌లో కామ్స్ అనే టెర్మినల్ ప్రోగ్రాము తెరిచి 115200, 8 బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్ అని పెడితే లాగిన్ వస్తుంది. ఏమీ రాకపోతే పంపే తీగా అందుకునే తీగా అటూ ఇటూ అయ్యాయేమో చూడండి. పిచ్చి అక్షరాలు వస్తే వేగం తేడా.

యంత్రంలోనే ఓపీఎల్ భాషలో ప్రోగ్రాము రాసి, అక్కడికక్కడే నడిపించుకోగలగడం అభిమానుల్ని కట్టిపడేసిన ఇంకో సుగుణం. పీసీ అక్కర్లేదు, అనుమతి అడగక్కర్లేదు. ఆ భాషను సింబియన్ 2003లో ఓపెన్ సోర్స్ చేసింది. 2018లో ప్లానెట్ కంప్యూటర్స్ అదే రిడిఫర్డ్ చేత కీబోర్డు గీయించి జెమినీ అనే ఆండ్రాయిడ్ పరికరం తెచ్చింది. కీబోర్డు బంధుత్వం కనిపిస్తుంది, కానీ బ్యాటరీ లోపల బిగించిన లిథియం, రోజూ చార్జింగ్ తప్పదు. ఊరు వెళ్తూ బస్టాండులో రెండు పెన్సిల్ సెల్లు కొని వేసుకునే నిశ్చింత దానికి లేదు.

కొనాలనుకునేవాళ్లకు ఎర్రగడ్డ ఆదివారం సంతలో తగిలే అదృష్టం మీద ఆధారపడకుండా, ఇంగ్లండ్ నుంచి వచ్చే బంధువుల చేత తెప్పించుకోవడం నయం. పార్సిల్‌లో అయితే సెల్లు తీసి పంపమనండి. అమ్మేవారిని మూడు ఫొటోలు అడగండి. తెర వెలుగుతూ ఉన్నది, బ్యాటరీ గూడు తెరిచి స్ప్రింగులు కనిపించేది, మూత సగం తెరిచి పక్కనుంచి తీసింది. మొదటి దానితో పాటు మూత నెమ్మదిగా తెరుస్తున్న చిన్న వీడియో వస్తే ఇంకా మంచిది. కోణం మారుతుంటే గీతలు తొంగిచూస్తే పట్టీ చివరి రోజుల్లో ఉన్నట్టు. అలాంటిది చౌకగా వస్తే కూడా వదలకండి. అదే మోడల్ మరొకటి, మీటలు పోయి తెర బాగున్నది, ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతుంది. రెండూ కలిస్తే ఒకటి లేచి కూర్చుంటుంది.